సిగరెట్ పెట్టె మీది 85 శాతం హెచ్చరిక, దాని కింది ఫోన్ నంబరు: సమీక్ష

స్కేలు పెట్టి కొలవండి. పెట్టె ఎత్తు 88 మిల్లీమీటర్లు ఉందనుకుంటే పైనుంచి దాదాపు 75 మిల్లీమీటర్లు హెచ్చరికది, కింద మిగిలిన 13 కంపెనీ పేరుది. ఆ 75లో 53 బొమ్మకు, 22 అక్షరాలకు. పెట్టె తిప్పి చూసినా అదే లెక్క ఉండాలి. పైకి ఇది అచ్చుపనికి సంబంధించిన చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఈ కొన్ని మిల్లీమీటర్ల కోసం ఒక పార్లమెంటు కమిటీ, రెండు రాష్ట్రాల హైకోర్టులు, సుప్రీంకోర్టు, ఫ్యాక్టరీలకు తాళాలు వేసిన కంపెనీలు, పని పోతుందని రోడ్డెక్కిన బీడీ కార్మికులు, ఇంతమంది నడుమ ఏళ్ల తరబడి పోరు నడిచింది. ఇక్కడ సమీక్షిస్తున్నది సిగరెట్‌ను కాదు. దాని అట్ట మీద ప్రభుత్వం అచ్చు వేయించే హెచ్చరికను, ఆ హెచ్చరిక అడుగున ఉండే 1800-11-2356 అనే, పొగాకు మానడానికి సాయపడే ఉచిత ఫోన్ సేవను.

ముందు సరుకు ఎలా ఉండాలో చూద్దాం. నిబంధన ప్రకారం హెచ్చరిక పెట్టె పైఅంచు నుంచే మొదలవ్వాలి. ముందూ వెనకా రెండు పెద్ద ముఖాల మీదా 85 శాతం చొప్పున ఉండాలి: 60 శాతం బొమ్మ, 25 శాతం అక్షరాలు. ఎంత చిన్న పొట్లమైనా హెచ్చరిక వెడల్పు 3.5 సెంటీమీటర్లకు, ఎత్తు 4 సెంటీమీటర్లకు తగ్గకూడదు. నాలుగు రంగుల్లో, అంగుళానికి కనీసం 300 చుక్కల (డీపీఐ) స్పష్టతతో అచ్చు కావాలి. హెచ్చరిక వాక్యం ఎర్రటి నేల మీద తెల్ల అక్షరాల్లో, ఫోన్ నంబరు నల్లటి నేల మీద తెల్ల అక్షరాల్లో కనిపించాలి. పెట్టె మూసి ఉన్నా తెరిచి ఉన్నా హెచ్చరికలో ఏ ముక్కా తెగిపోకూడదు, దాగిపోకూడదు. ఒకే బొమ్మను ఏళ్ల తరబడి చూస్తే కంటికి అలవాటైపోతుంది కాబట్టి పన్నెండు నెలలకోసారి మార్చాలి. ఉదాహరణకు 2022 డిసెంబరు 1 నుంచి తయారైన పెట్టెల మీద పొగాకు వేదనతో కూడిన చావు తెస్తుందన్న వాక్యం వచ్చింది, ఏడాది తర్వాత పొగాకు వాడేవాళ్లు త్వరగా పోతారన్నది వచ్చింది. బొమ్మ సరైనదో కాదో తేల్చుకోవాలంటే అట్ట మీది తయారీ నెలతో పోల్చి చూడాలి. దుకాణంలో కొన్న తేదీ దీనికి పనికిరాదు.

ఇన్ని కొలతలనూ సక్రమంగా పాటించేది గట్టి అట్ట సిగరెట్ పెట్టె. రంగు నిలుస్తుంది, పుండు పుండులాగే కనిపిస్తుంది, నంబరు చదవగలం. అందులోనూ రెండు లోపాలున్నాయి. ఒకటి, పెట్టె మూత. మూత కీలు సరిగ్గా బొమ్మ మధ్యలో పడుతుంది, తెరవగానే బొమ్మ రెండు ముక్కలవుతుంది. తెగకూడదని నిబంధన చెబుతున్నా, మూత ఆకారాన్ని ముట్టుకోకుండా ఆ మాట నెరవేరదు. రెండోది, సన్నటి పక్క గోడలు. హెచ్చరిక రెండు పెద్ద ముఖాలకే గనక పక్కలు కంపెనీకే మిగిలాయి. కిళ్ళీ కొట్టు అరలో పెట్టెలను పుస్తకాల్లా పక్కకు నిలబెడితే కొనేవాడికి కనిపించేది బ్రాండు పేరే. ఆ అరలో బొమ్మ ఒక్కటీ కనపడదు, అయినా తప్పు పట్టడానికి చట్టంలో ఏమీ లేదు. అయినా సరే, సిగరెట్ పెట్టెకు 5కి 4 ఇవ్వవచ్చు.

బీడీ కట్ట దగ్గరికి వస్తే కథ వేరు. పల్చటి కాగితాన్ని కట్ట చుట్టూ తిప్పి, కొనలు మడిచి అతికిస్తారు. కట్ట ఒక కొన వైపు సన్నబడుతుంది కాబట్టి చదునైన ముఖం అంటూ ఉండదు. బొమ్మ వంపు తిరిగి, ముడతల్లో పడి, సగం అవతలి వైపుకు పోతుంది. చవక సిరా, పీల్చుకునే కాగితం. దవడ మీది పుండు ఎర్రటి మరకలా మిగులుతుంది. కట్ట విప్పగానే ఆ కాగితం చినిగి నేల మీద పడుతుంది, బీడీలు జేబులోకి పోతాయి. అంటే రెండో బీడీ ముట్టించేసరికే హెచ్చరిక చెత్తలో ఉంటుంది. దీనికి 5కి 1.5. ఖైనీ, జర్దా పొట్లాలు ఈ రెండింటికీ నడుమ ఉంటాయి. అచ్చు బాగానే ఉంటుంది గానీ పొట్లం చిన్నది, చింపేటప్పుడు పైఅంచు పోతుంది. పైఅంచు అంటే హెచ్చరిక మొదలయ్యే చోటే.

చుట్టకు మార్కులు వేయడానికే లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరపల్లెల్లో ఆడవాళ్లు అడ్డపొగ తాగే అలవాటు ఉంది, కాలే కొన నోట్లో పెట్టుకుని. అంగిట్లో వచ్చే పుండ్లకు, క్యాన్సర్‌కు అది నేరుగా దారి తీస్తుందని వైద్యులు దశాబ్దాల కిందటే రాశారు. పొగాకు సరుకుల ప్రకటన, అమ్మకం వంటివాటిని అదుపు చేసే కోట్పా చట్టం చుట్టను కూడా పొగాకు ఉత్పత్తుల జాబితాలో చేర్చింది. కానీ సంతలో చుట్టలు నారతో కట్టి అమ్ముతారు. అట్ట లేదు, కాగితం లేదు, బొమ్మ వేయడానికి చోటే లేదు. ఎవరి నోటికి ముప్పు ఎక్కువో వాళ్లకే హెచ్చరిక అందడం లేదు.

భాష సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. కోట్పా 9వ సెక్షన్ ప్రకారం అట్ట మీద ఏ భాష ఉంటే హెచ్చరిక ఆ భాషలో ఉండాలి. సిగరెట్ కంపెనీ బ్రాండు పేరును ఇంగ్లిషులో వేస్తుంది కాబట్టి ఒంగోలులో అమ్మినా, ఆదిలాబాదులో అమ్మినా హెచ్చరిక ఇంగ్లిషులోనే వస్తుంది. బీడీ కట్ట మీద తెలుగు ఉంటే హెచ్చరికా తెలుగులో వస్తుంది, కానీ పైన చెప్పినట్టు అది ముడతల్లో పోతుంది. సరుకు ఏ ఊళ్లో అమ్ముతున్నారో ఆ ఊరి భాష అని రాయాల్సిన చోట, అట్ట మీది భాష అని రాశారు. ఆ ఒక్క మాట వల్ల కోట్లమందికి అక్షరాలు అక్కరకు రాకుండా పోయాయి. అందుకే బొమ్మ మీద ఇంత పోరాటం అవసరమైంది. బొమ్మకు చదువు అక్కర్లేదు.

ఆ పోరాటం ఎలా సాగిందో తెలిస్తే గానీ ఈ 85కు విలువ తెలియదు. 1975 నాటి సిగరెట్ల చట్టంతో వచ్చింది ఒక చిన్న వాక్యం మాత్రమే, అదీ సిగరెట్లకే. బీడీకి, ఖైనీకి అదీ లేదు. 2003లో కోట్పా వచ్చాక పొగాకు సరుకులన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. 2004 ఫిబ్రవరిలో మన దేశం ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని ఆమోదించింది. ఆ ఒప్పందం 11వ అధికరణం హెచ్చరిక అట్టలో సగమో అంతకు మించో ఉండాలని, 30 శాతానికి తగ్గనేకూడదని చెబుతుంది. 2006 జులైలో తొలి బొమ్మల నిబంధనలు వచ్చాయి. అందులో పుర్రె, ఎముకల గుర్తు ఉంది. తెలంగాణ బీడీ ప్రాంతాల్లో, ముఖ్యంగా నిజామాబాద్, కరీంనగర్ వైపు, ఆ పుర్రె గుర్తు ఎన్నికల సభల్లో మాటగా మారిపోయింది, ఏళ్ల తర్వాత కూడా నేతలు దాన్ని ఎత్తుతూనే వచ్చారు. 2007లో చట్టాన్నే సవరించి పుర్రె తప్పనిసరి కాదన్నారు. చివరికి 2009 మే 31న బొమ్మలు అమల్లోకి వచ్చేసరికి మిగిలింది ముందు ముఖం మీద 40 శాతం, ఖైనీ వంటి వాటికి ఒక తేలు బొమ్మ. తేలుకూ నోటి క్యాన్సర్‌కూ సంబంధం ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు.

బీడీలు చుట్టే ఆడవాళ్ల భయం అబద్ధమని ఎవరూ అనకూడదు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, తునికాకు, తంబాకు కంపెనీ ఇచ్చినన్ని రోజులే పని. అమ్మకం తగ్గుతుందన్న పుకారు పుట్టినా ముందు కోతపడేది వాళ్ల పనిదినాలకే. అయితే ఆ భయాన్ని ముందు నిలబెట్టి, యంత్రాల మీద సిగరెట్లు చేసే పెద్ద కంపెనీలు కూడా అదే నీడలో నిలబడ్డాయి. కార్మికుల గోడుకు జవాబు పింఛను, వేరే పనిలో శిక్షణ, కూలి పెంపు. బొమ్మ చిన్నదైతే వాళ్ల కూలి పైసా కూడా పెరగదు.

2014 అక్టోబరు 15న కేంద్ర ఆరోగ్య శాఖ 85 శాతం నిబంధన ప్రకటించింది, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు అంది. అమలుకు కొన్ని రోజుల ముందు దిలీప్ గాంధీ అధ్యక్షతన ఉన్న పార్లమెంటు కమిటీ దాన్ని ఆపమంది. పొగాకుకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని మన దేశంలో జరిగిన అధ్యయనం లేదని ఆయన అన్న మాట అప్పట్లో దుమారం రేపింది. ఆ కమిటీలోని ఒక సభ్యుడికి సొంత బీడీ వ్యాపారం ఉంది. ప్రభుత్వం వెనకడుగు వేసింది. రాజస్థాన్ హైకోర్టు జోక్యం చేసుకున్నాక, 2016 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తామని 2015 సెప్టెంబరులో మళ్లీ ప్రకటించింది. ఈలోగా కమిటీ 50 శాతం చాలని తుది నివేదిక ఇచ్చింది. ఏప్రిల్ 1 రాగానే, మన హైదరాబాదు వీఎస్టీతో సహా పెద్ద కంపెనీలు ఉత్పత్తి ఆపేశాయి. రోజుకు 350 కోట్ల రూపాయల నష్టమని వాళ్ల సంఘం లెక్క చెప్పింది. మే 4న సుప్రీంకోర్టు నిబంధన పాటించాల్సిందేనని చెప్పి, దేశంలోని కేసులన్నిటినీ కర్ణాటక హైకోర్టుకు పంపింది. 2017 డిసెంబరు 15న ఆ హైకోర్టు 85 శాతం చెల్లదని కొట్టేసింది. మళ్లీ 40కి దిగాల్సిన పరిస్థితి. 2018 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది, పౌరుల ఆరోగ్యమే ముందని చెప్పింది. ఆ నిలిపివేత ఉత్తర్వు మీదే 85 శాతం నిలబడింది.

ఒకే ప్రభుత్వంలో రెండు చేతులు ఎదురెదురుగా పనిచేయడం కూడా ఇక్కడ కనిపిస్తుంది. ఆరోగ్య శాఖ హెచ్చరిక వేయిస్తుంది. గుంటూరులో ఉన్న పొగాకు బోర్డు వాణిజ్య శాఖ కింద పొగాకు పంటను, వేలాన్ని, ఎగుమతిని చూసుకుంటుంది. ప్రభుత్వ బీమా సంస్థ ఎల్‌ఐసీ చేతిలో సిగరెట్లు చేసే ఐటీసీ వాటాలున్నాయి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల రైతు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు కట్టుకుని, అప్పు తెచ్చి పండించేది ఆ బోర్డు అనుమతితోనే. కాబట్టి అట్ట మీద బొమ్మ పెరిగిన ప్రతిసారీ పొదిలి, కందుకూరు వేలం కేంద్రాల్లో గుండె దడ పుడుతుంది. ప్రత్యామ్నాయ పంటకు ధర హామీ ఇవ్వకుండా ఆ దడ తగ్గదు.

మరి బొమ్మ పనిచేస్తోందా? 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వేలో అట్ట మీది హెచ్చరిక చూసి మానేద్దామని అనుకున్నవాళ్లు సిగరెట్ తాగేవారిలో 62 శాతం, బీడీ తాగేవారిలో 54 శాతం, నమిలేవారిలో 46 శాతం. ఆ వరుస చూడండి. ఎక్కడ అచ్చు స్పష్టంగా ఉందో అక్కడ ఆలోచన ఎక్కువ. దీనికి ఒక్క అచ్చే కారణమని అనలేం, చదువు, ఆదాయం వంటివీ ఉంటాయి. కానీ ముడతల కాగితాన్ని వెనకేసుకురావడానికి ఈ అంకెల్లో ఏ ఆధారమూ లేదు.

అసలు దెబ్బ విడి అమ్మకం దగ్గర పడుతోంది. పాన్ డబ్బా దగ్గర కుర్రాడు పది రూపాయల నోటో ఇరవై నోటో చాపుతాడు, దుకాణదారు పెట్టెలోంచి ఒక్కటి తీసి ఇస్తాడు, తాడుకు వేలాడే లైటరుతో ముట్టించుకుంటాడు. పెట్టె దుకాణదారు చేతిలోనే ఉంటుంది. 75 మిల్లీమీటర్ల బొమ్మ ఆ కుర్రాడి కంట పడనే పడదు, ఫోన్ నంబరూ అంతే. కోట్పా 7వ సెక్షన్ హెచ్చరిక లేని ప్యాకేజీ అమ్మకూడదంటుంది. ప్యాకేజీయే చేతికి రాని అమ్మకం గురించి సూటిగా చెప్పదు. 20వ సెక్షన్ ప్రకారం హెచ్చరిక లేని సరుకు అమ్మిన వ్యాపారికి మొదటిసారి ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. విడిగా అమ్మితే ఈ సెక్షన్ పెట్టవచ్చా లేదా అన్న దగ్గరే చాలా చోట్ల కేసు ఆగిపోతుంది. మహారాష్ట్ర 2020లో విడి సిగరెట్, బీడీ అమ్మకాన్ని నేరుగా నిషేధించింది. అదే ఏడాది తయారైన కేంద్ర సవరణ ముసాయిదాలో విడి అమ్మకం నిషేధం, వయసు 18 నుంచి 21కి పెంపు రెండూ ఉన్నాయి. పెట్టె మీద పదేళ్లు పోరాడి గెలిచినది, ఒక్కొక్క సిగరెట్‌గా చేజారిపోతోంది. ఈ సమీక్షలో అతి పెద్ద మైనస్ ఇదే.

పోలికకు బయటి పెట్టెలు రెండు మూడు. ఆస్ట్రేలియాలో 2012 డిసెంబరు నుంచి కంపెనీ రంగులే లేవు, ఎవరి పెట్టె అయినా ఒకే మురికి గోధుమ రంగు. కంపెనీలు అక్కడి హైకోర్టులో ఓడాయి, అంతర్జాతీయ మధ్యవర్తిత్వంలో, ప్రపంచ వాణిజ్య సంస్థలో కూడా ఓడాయి. చిన్న దేశం ఉరుగ్వే 80 శాతం బొమ్మ పెడితే సిగరెట్ కంపెనీ ఫిలిప్ మోరిస్ దావా వేసింది, 2016లో ఉరుగ్వేనే గెలిచింది. పక్కనున్న నేపాల్ 90 శాతానికి పోయింది. ఇక మనవాళ్లు ఎక్కువగా వెళ్లే అమెరికాలో పెట్టె పక్కన చిన్న అక్షరాలే. అక్కడ 2009లో చట్టం బొమ్మలు పెట్టమంది. 2012లో అప్పీలు కోర్టు మొదటి బొమ్మలను కొట్టేసింది, 2020లో కొత్తవి ప్రకటించారు, మళ్లీ కోర్టులు. డాలస్‌లో కొన్న పెట్టెనూ, విజయవాడలో కొన్న పెట్టెనూ పక్కపక్కన పెడితే మన పెట్టే ముందుంటుంది. ఆ మాట గట్టిగా చెప్పుకోవచ్చు.

ఇప్పుడు నల్ల పట్టీలోని నంబరు. ఈ సేవ 2016 మే 30న ఢిల్లీ వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వైద్య సంస్థలో మొదలైంది. 2018 సెప్టెంబరు నుంచి ప్రతి పెట్టె మీదా అచ్చవుతోంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కేంద్రం దక్షిణాది భాషలు చూస్తుంది కాబట్టి తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారు. వేళలు ఉదయం 8 నుంచి రాత్రి 8, సోమవారం సెలవు. కాల్ కలిశాక ముందు భాష ఎంచుకోవాలి, తొందరపడి ఏదో ఒకటి నొక్కితే తెలియని భాషలోకి పోతుంది. తర్వాత సలహాదారు అడిగే ప్రశ్నల్లో కీలకమైనది ఒకటుంది: నిద్ర లేచిన ఎన్ని నిమిషాలకు మొదటిది తాగుతారు, లేదా నములుతారు? అయిదు నిమిషాల్లోపే అయితే నికోటిన్ పట్టు చాలా గట్టిగా ఉన్నట్టు. ఇక్కడ సిగ్గుపడి అరగంట అని చెబితే మొత్తం సలహా తప్పుదారి పడుతుంది. రోజుకు ఎన్ని, ఏ వేళల్లో, టీతోనా, భోజనం తర్వాతా, ఇవి ముందే కాగితం మీద రాసి పెట్టుకుని చేస్తే కాల్ సగం సమయంలో అయిపోతుంది. చివర్లో మానే తేదీ ఒకటి ఖాయం చేస్తారు, ఆ తర్వాత వాళ్లే తిరిగి ఫోన్ చేస్తారు. ఆ వచ్చే ఫోన్ ఎత్తకపోవడం పెద్ద తప్పు. తెలియని నంబరని కట్ చేస్తే సేవ అక్కడితో ఆగుతుంది.

మానిన మొదటి రెండు మూడు రోజులు అన్నిటికన్నా కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి రెండు నుంచి నాలుగు వారాల్లో దిగుతాయి. ఒక్కో తహతహ అయిదు పది నిమిషాలకు మించి ఉండదు, ఆ కాస్త సేపు దాటించడమే పని. నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. లేచిన అరగంటలోపే తాగేవాళ్లకు 4 మిల్లీగ్రాములది కావాల్సి రావచ్చు, దానికి డాక్టరును కలవాలి. గమ్‌ను బబుల్‌గమ్‌లా ఆపకుండా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో మంట, వికారం వస్తాయి, ఇది పడదని పారేస్తారు. నాలుక చురుక్కుమనేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకూ చిగుళ్లకూ మధ్య పెట్టి వదిలేయాలి, చురుకు తగ్గితే మళ్లీ నమలాలి. అలా అరగంట. దానికి పావుగంట ముందు కాఫీ, నిమ్మరసం వంటివి తాగకూడదు, తాగితే నికోటిన్ సరిగా ఒంటికి పట్టదు.

సేవకు 5కి 3.5. ఒక మార్కు సోమవారం సెలవుకు పోయింది. ఆదివారం తాగి సోమవారం మానాలనుకునేవాళ్లకు ఆ రోజే లైను లేదు. అర మార్కు, పెట్టె చేతికి రానివాళ్లకు ఈ నంబరు తెలియజేసే దారి లేనందుకు. పాఠశాలల గోడ మీద, బస్టాండులో, తునికాకు కల్లాల దగ్గర, చుట్టల సంతలో ఈ నంబరు తెలుగులో రాయించడానికి ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు. కిళ్ళీ కొట్టు ముందు 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మరాదన్న బోర్డు చట్టప్రకారం ఎలాగూ ఉండాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 ఎత్తు. దాని అడుగున ఒక వరుసలో 1800-11-2356 పడుతుంది.